తమ్ముడి తుపాకీ, మా ఇంటి రోకలి

పదకొండున్నర. రేపు ట్యాంకు కడిగేవాళ్ళు వస్తారు, ఆరింటికే లేచి బిందెలు నింపుకోవాలి, అయినా నిద్ర రావడం లేదు. ఇది రాసేస్తే గానీ రాదు.

తమ్ముడు ఫోన్ చేశాడు. నాకు కాదు, ఈయనకి. వాడికి ఆదివారం పొద్దున ఎనిమిదిన్నర, మనకి రాత్రి ఎనిమిది. ఏదో టాక్సుల గొడవేమోలే అని నేను పెసరట్లు పోసుకుంటున్నాను. హాల్లోంచి "మూడు కిలోల లోపే ఉండాలి", "కార్బన్ ఫైబర్ అయితే బెస్టు" అని వినపడుతుంటే సైకిల్ కొంటున్నాడనుకున్నా. తర్వాత "బ్యారెల్" అని వినపడింది. అట్లకాడ పట్టుకునే వెళ్ళి చూద్దును కదా, తుపాకీ! బోల్ట్ యాక్షన్ రైఫిల్, అంటే గుండు పేల్చిన ప్రతిసారీ పక్కనున్న బోల్టు అనే పిడిని చేత్తో లాగి తొయ్యాల్సింది. కొలరాడో కొండల్లో, వచ్చే అక్టోబరులో, ఆఫీసు స్నేహితులతో ఎల్క్ వేటకట. ఎల్క్ అంటే దుప్పి లాంటిదే గానీ గుర్రమంత ఉంటుంది, మగది 300 కిలోలు దాటుతుంది. మిగతా రోజుల్లో అదే తుపాకీతో రేంజికి వెళ్ళి గురి చూసి కాల్చుకోవచ్చని వాడి ప్లాను.

నలభై నిమిషాలు మాట్లాడుకున్నారు. ఈయన జన్మలో పట్టుకున్న తుపాకీ దీపావళికి రీలు పెట్టి టప్ టప్‌మనిపించేది ఒక్కటే. ఈ నెల్లాళ్ళూ రాత్రిళ్ళు ఏవో వీడియోలు చూస్తున్నారు, అదీ అర్హత. మరి నేనో? గుంటూరులో డిగ్రీ చదివిన మూడేళ్ళూ ఎన్‌సీసీలో ఉన్నాను, సి సర్టిఫికెట్ ఉంది, పాయింట్ టూ టూ (.22, చిన్న తూటాది) డీలక్స్ రైఫిల్ బరువెంత అని నిద్రలో లేపి అడిగినా 6 పౌండ్ల 2 ఔన్సులు అని చెబుతాను. ఆ సంగతి తమ్ముడికి తెలుసు, నా యూనిఫాం బెల్టు పెట్టుకుని వీధంతా తిరిగింది వాడే. "అక్కని కూడా అడుగుదాం బావా" అని ఒక్క మాట అనలేదు. నేను వెనకాల నిలబడితే "అక్కా, అల్లం పచ్చడి చేశావా" అన్నాడు!

వేట అన్నందుకు కోపం వచ్చిందేమో అని కూడా ఆలోచించుకున్నాను. కొంచెం వచ్చింది. మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక వేట అంటే జైలు మాటే కదా, ఆ మాట వినగానే ఒళ్ళు జలదరిస్తుంది. అక్కడ లెక్క వేరు. ఏ అడవిలో ఎన్ని కొట్టొచ్చో ప్రభుత్వమే లెక్క కట్టి లైసెన్సులిస్తుంది, ముందు శిక్షణ పాసవ్వాలి, ఒంటి మీద కనీసం 500 చదరపు అంగుళాల నారింజ రంగో గులాబీ రంగో మెరిసే బట్ట కనపడాలి, కొట్టాక మాంసం అక్కడే వదిలేసి వస్తే నేరం. సరే, వాడి పాపం వాడిది. నన్ను గుచ్చుతున్నది అది కాదు.

ఆ మూడు కిలోల మాట.

తుపాకీ తేలికైతే తూటా ఊరుకోదు. అదే తూటా, అదే మందు వేసి 4 కిలోల తుపాకీని 3 కిలోలు చేస్తే భుజానికి తగిలే తన్ను మూడో వంతు పెరుగుతుంది, ఇది ఇంటర్ ఫిజిక్స్. పైగా వీళ్ళు మాట్లాడుకుంటున్నది .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ అనే పెద్ద తూటా, అసలే గాడిదలా తన్నేది. తేలికవ్వాలంటే బ్యారెల్ సన్నగా చెక్కుతారు, సన్నటి గొట్టం నాలుగు గుండ్లకే వేడెక్కిపోయి ఆ తర్వాత గుండ్లు తలోదారీ పడతాయి. ఇంక దాంతో రేంజిలో గురి ఏం నేర్చుకుంటాడు? పోటీల్లో చూడండి, 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ 5.5 కిలోలు దాటకూడదు, 50 మీటర్లది 8 కిలోలు దాటకూడదు అని రూలు. దాటకూడదు అని! ఇంతకంటే తగ్గకూడదు అని రూలు పెట్టాల్సిన అవసరమే రాలేదు, బరువుంటే చెయ్యి వణికినా తుపాకీ వణకదని అందరికీ తెలుసు. మన హైదరాబాద్ గగన్ నారంగ్ 2012 లండన్‌లో కాంస్యం కొట్టిన ఆ 10 మీటర్ల ఆటలో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు ఉంటుంది. ఆవగింజ దానికన్నా పెద్దది.

ఇవన్నీ అప్పుడే అనేసేదాన్ని. పెనం మీద అట్టు మాడుతోంది.

అట్టు తీస్తుంటే ఆ ఫైరింగ్ రోజు గుర్తొచ్చింది. మార్చి నెల, గుంటూరు ఎండ, ఊరి బయట రేంజి. పదిమంది ఆడపిల్లలం, మనిషికి 5 రౌండ్లు, 25 గజాల దూరంలో టార్గెట్. భుజం విరుగుతుందని ఎవరో సీనియర్ భయపెడితే అందరం తుండుగుడ్డలు మడిచి చొక్కాల్లో దోపుకున్నాం. లేట్ కర్ పొజిషన్ (పడుకో), భర్ (గుండు నింపు), ఫైర్. తన్నే లేదు! పాయింట్ టూ టూకి ఏం తన్నుంటుంది, చిన్న దగ్గులాంటి చప్పుడు, అంతే. ఇంతేనా అని ఎంత నిరాశపడ్డానో. నా ఎడమ పక్కన పడుకున్న అమ్మాయిది పుర్ర చేతి వాటం. బాపట్ల నుంచి రైల్లో వచ్చేది. రైఫిల్ ఎడమ భుజానికి ఆనించింది, బోల్టేమో కుడి పక్కన. గుండు పేల్చిన ప్రతిసారీ తుపాకీని దించి, చెయ్యి పైనుంచి తిప్పి, బోల్టు లాగి, మళ్ళీ మొదట్నుంచీ సర్దుకోవాలి. మాకు నేర్పే ఉస్తాద్ అరుస్తున్నకొద్దీ కంగారులో ఇంకా గట్టిగా లాగింది.

అయిపోయాక ఖోకాలు లెక్కపెట్టారు. కాల్చిన గుండు తాలూకు ఖాళీ గొట్టాలు అవి, ఒక్కటి తగ్గినా కుదరదు. 50 ఉండాలి, 49 ఉన్నాయి. ఇంక చూస్కోండి, పదిమందిమీ మోకాళ్ళ మీద గడ్డిలో దేవుకుంటూ, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా. మంచినీళ్ళు కూడా తాగనివ్వలేదు. బాపట్ల అమ్మాయిని నిలబెట్టి, నువ్వే ఎటో విసిరేశావని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టారు, ఆ పిల్ల ఏడుస్తూనే ఉంది. నాలుగవుతుండగా మెడ దురద పెట్టి జడ ముందుకి లాక్కున్నాను. జడ పాయల మధ్య బియ్యపు పురుగులా ఇరుక్కుని ఉంది, ఇత్తడి ఖోకా.

ఏం చేశానో ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. గుప్పిట్లో పెట్టుకుని, రెండడుగులు పక్కకి నడిచి, గడ్డిలో జారవిడిచి, "దొరికింది సార్!" అని అరిచాను. శభాష్ అన్నారు ఉస్తాద్. నా జడలో ఉందని చెబితే ఆ పిల్ల మీద తిట్లు తప్పేవి, నా మీదకి వచ్చేవి. ఆ తర్వాత ఆ అమ్మాయి మళ్ళీ ఫైరింగ్‌కి రాలేదు.

అట్లు తిని, గిన్నెలు సర్ది, పడుకున్నాక తట్టింది. తమ్ముడిది కూడా పుర్ర చేతి వాటమే కదా! నలభై నిమిషాలు గ్రాములు లెక్కపెట్టారు గానీ బోల్టు ఏ పక్కన ఉండాలో ఇద్దరిలో ఒక్కరికి తట్టలేదు. ఎడమ చేతి బోల్టుతో కూడా చేస్తారు, టిక్కా, సావేజ్ అనే కంపెనీల వాళ్ళవి ఉన్నాయి, కానీ ప్రతి మోడల్‌లో దొరకవు, ముందే చూసుకోవాలి. సవ్యసాచికి ఈ బాధ లేదు, రెండు చేతులతోనూ వేసేవాడు. ఇంద్రకీలాద్రి నీడలో కాపురముంటూ ఆ మాట మా ఇంట్లో ఒక్కళ్ళకీ గుర్తు రాకపోవడమేంటి.

లేచాను. నిద్ర ఎలాగూ రాదని, తమ్ముడి ఆవకాయ సూట్‌కేసు తూచే కొక్కెం త్రాసు తీసి అమ్మ రోకలి వేలాడదీశాను. 2 కిలోల 900 గ్రాములు. సరిగ్గా వీళ్ళు కోరుకుంటున్న బరువు! బాల్కనీలోకి వెళ్ళి భుజానికి ఆనించి ఎదురింటి వాటర్ ట్యాంకుకి గురి పెట్టాను. నిమిషం తిరక్కుండానే ఎడమ చెయ్యి వణకడం మొదలెట్టింది. కింద నుంచి వాచ్‌మన్ "అమ్మగారూ, పామా?" అని లేచి నిలబడ్డాడు.

అప్పుడు భుజాన వేసుకుని హాల్లో అటూ ఇటూ నడిచాను. పది చుట్లు తిరిగేసరికే భుజం నొక్కుకుపోయింది. వాడు నడవాల్సింది మా హాల్లో కాదు, పదివేల అడుగుల ఎత్తున, ఊపిరి అందని చోట, వారం రోజులు. పైన గురి చూసే దుర్భిణి, అదే స్కోపు, ఒక అర కిలో, వీపున గుడారం, నీళ్ళు. ఆ వారంలో పేలిస్తే ఒక్క గుండు పేలుస్తాడు, అదీ చల్లటి బ్యారెల్‌తో. నాలుగో గుండు ఎటు పోతే వాడికేం? మోసేదే ఎక్కువ, కాల్చేది తక్కువ. అంటే తేలికదే కరెక్టు. ఈయన ఫోన్లో అన్నది అచ్చంగా ఇదే, "బామ్మర్దీ, నువ్వు మోసేది వారం, పేల్చేది క్షణం" అని. పొద్దున లేచాక నేను ఒప్పుకోను, అది వేరే సంగతి. ఆ మాగ్నమ్ మాత్రం వద్దు, అంతకన్నా తక్కువ తన్నే .308 తూటా చాలు, తన్నుకి భయపడి కళ్ళు మూసుకుని కాలిస్తే పాపం ఆ జంతువు దెబ్బ తిని ఎక్కడో పడి చస్తుంది. రేంజి సరదాకి బరువైన పాయింట్ టూ టూ ఇంకోటి కొనుక్కోమనాలి. ఒక్కదానితో రెండూ అంటే పెళ్ళికీ తద్దినానికీ ఒకే వంటవాడు.

ఇంకో అనుమానం. వాడు ఎడమ చేత్తో అన్నం కలిపితే నాయనమ్మ చేతి మీద కొట్టి కొట్టి కుడికి మార్పించింది. రాసేది ఎడమతో, తినేది కుడితో, బ్యాటింగ్ కుడి, బౌలింగ్ ఎడమ. తుపాకీ ఏ భుజానికో ఎవరు చెప్పాలి? చెయ్యి కాదు, కన్ను చూడాలి, ఏ కన్ను గురి చూస్తే ఆ భుజం. ఉస్తాద్ బాపట్ల అమ్మాయి కన్ను చూశారా? చూడలేదు. నేనూ అడగలేదు.

మెసేజ్ పెట్టాను, "ఒరేయ్, గోలీలాడేప్పుడు ఏ కన్ను మూసేవాడివి?" అని. అక్కడ మధ్యాహ్నమే కదా, వెంటనే చూశాడు.

"రెండూ తెరిచే ఆడేవాణ్ణేమో అక్కా, గుర్తులేదు. బావ ఏమన్నారు?"