తిరుపతిలో తెలుగు బ్లూస్: ఎనిమిది పాటల ఆల్బం ఎంతవరకు వచ్చిందంటే

సొంతంగా రాసి, బాణీ కట్టుకున్న ఎనిమిది తెలుగు పాటలతో మేము తయారుచేస్తున్న బ్లూస్-రాక్ ఆల్బంలో ఇప్పటికి ఆరు పాటలకు గిటారు, నాలుగు పాటలకు గాత్రం రికార్డయ్యాయి. డ్రమ్ములు ఇంకా మొదలుకాలేదు. బ్లూస్ అంటే అమెరికాలోని నల్లజాతివారి పాటల్లోంచి పుట్టిన సంగీతం. కొర్లగుంటలో మా మేడమీది గదే స్టూడియో. ఉద్యోగాలు చేసుకుంటూ తీరిక వేళల్లో చేసే పని కాబట్టి వేగం ఇంతే. అయినా పాటల రూపం ఒక కొలిక్కి వచ్చింది గనుక, ఇలాంటి ప్రయత్నం చేయదలచినవారికి పనికివచ్చే వివరాలు ఇక్కడ రాసిపెడుతున్నాను.

అన్నిటికంటే ఎక్కువ సమయం తీసుకున్నది గిటారు కాదు, సాహిత్యం. 12 బార్ల బ్లూస్‌లో (నాలుగు బీట్ల కొలత ఒక బారు) చరణానికి మూడు పంక్తులుంటాయి. మొదటి పంక్తినే రెండోసారి పాడి, మూడో పంక్తితో దానికి బదులు చెబుతారు. పంక్తికి నాలుగు బార్లు, అంటే 16 బీట్లు దక్కుతాయి. గాయకుడు మొదటి రెండు బార్లలో మాట ముగిస్తే తక్కిన రెండు బార్లు గిటారువి. నిమిషానికి 96 బీట్ల వేగంలో చరణం మొత్తం సరిగ్గా 30 సెకన్లు పడుతుంది కనుక పంక్తికి 10 సెకన్లు, అందులో గిటారు వాటా 5 సెకన్లు అవుతుంది. అమెరికా బ్లూస్ గాయకుడు, గిటారిస్టు బి.బి.కింగ్ పాడుతున్నంతసేపూ గిటారు మీటేవారు కాదు, గొంతు ఆగిన చోట గిటారు అందుకునేది. ఆ సంభాషణే ఈ సంగీతానికి ప్రాణమని నా అభిప్రాయం. తెలుగు వాక్యంలో క్రియ చివరికి వస్తుంది, విభక్తులు మాటను సాగదీస్తాయి, దాంతో పంక్తి మూడో బారులోకి పొర్లి గిటారు చోటును తినేస్తుంది.

దీనికి దారి ఛందస్సులో దొరికింది. బ్లూస్‌లో తరచు వినిపించే షఫుల్ అనే ఊగే నడకలో ప్రతి బీటూ మూడు భాగాలవుతుంది. మొదటి స్వరం రెండు భాగాలు, రెండోది ఒక భాగం నిలుస్తుంది. గురువు తర్వాత లఘువు వచ్చే హగణం లెక్క కూడా అచ్చంగా ఇదే. హగణం సూర్యగణాల్లో ఒకటి. తురగవల్గన రగడ పాదంలో ఎనిమిది సూర్యగణాలుంటాయి, రెండు బార్లలో ఉండేవీ ఎనిమిది బీట్లే. ఈ కొలతతో రాసిన మూడో పాట మొదటి చరణం ఇది:

రేణిగుంట బండి వచ్చె, దాంట్లొ నువ్వు రానె లేదు
రేణిగుంట బండి వచ్చె, దాంట్లొ నువ్వు రానె లేదు
ప్లాటుఫారమూడ్చె అవ్వ, నన్ను చూసి నవ్వలేదు

రేణి, గుంట, బండి, వచ్చె, దాంట్లొ, నువ్వు, రానె, లేదు: ఒక్కో బీటుకు ఒక్కో హగణం కూర్చుంటుంది. చివరి ‘దు’ బీటుకు కాస్త వెనక పడి మూడో బారు వైపు తోస్తుంది, సరిగ్గా అక్కడ గిటారు అందుకుంటుంది. రైలు బ్లూస్‌కు ఎంత పాత వస్తువో తెలియనిది కాదు, కానీ మాకు రైలంటే రేణిగుంట జంక్షనే కనుక అరువు తెచ్చుకోవలసిన అవసరం రాలేదు. ఐదు మాత్రల ఖండగతిలో ముందే రాసి ఉన్న రెండు పాటలు షఫుల్‌లో ఎంత తోసినా ఇమడవు. వాటి సాహిత్యాన్ని నాలుగు మాత్రల నడకలోకి తిరగరాసి, నేరుగా సాగే రాక్ పాటలుగా మార్చుకున్నాము.

మా గాయకుడు శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాలలో కర్ణాటక గాత్రం నేర్చుకున్నవాడు. బ్లూస్‌లో వాడే మైనర్ పెంటటోనిక్ అనే ఐదు స్వరాల వరుసను వినగానే అది శుద్ధ ధన్యాసి అని గుర్తుపట్టాడు, అందులో తప్పేమీ లేదు, స్వరస్థానాలు అవే. అయితే కింద గిటారు మీద మోగే ఏ7 కార్డులో (కలిపి మోగించే స్వరాల గుంపులో) ఉన్నది అంతర గాంధారం, పైన పాడేది దానికంటే అర స్వరం తక్కువైన సాధారణ గాంధారం. ఈ రెండూ ఒకేసారి వినిపించడమే బ్లూస్ రుచి.

“అన్నా, గాంధారం ఎక్కడ నిలబెట్టేది? సాధారణమా, అంతరమా?” అని అడిగాడు.

“రెండింటికీ నడుమ. సాధారణం దగ్గర మొదలుపెట్టి పైకి నెట్టు, అంతరాన్ని ముట్టుకోవద్దు” అన్నాను.

మాటతో చెప్పడం కంటే గిటారు మీద చూపడం తేలిక. మూడో తీగ ఐదో మెట్టు మీద చూపుడు వేలు ఉంచి, తీగను నేల వైపు కొద్దిగా, అర స్వరంలో సగం మాత్రమే లాగాలి. పూర్తిగా లాగితే మేజర్ అయిపోయి పాట నవ్వుతుంది, లాగకపోతే బిగుసుకుపోతుంది. అదే తీగ ఏడో మెట్టు దగ్గర పూర్తి స్వరం లాగేటప్పుడు ఉంగరపు వేలికి వెనక మరో రెండు వేళ్లు తోడుంచి, చేరవలసిన స్థాయిని ముందుగా తొమ్మిదో మెట్టు మీద మోగించి సరిచూసుకోవాలి. గాయకుడికి కంపిత గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ పాడడం, అలవాటు ఉండడం వల్ల ఈ సూక్ష్మం త్వరగానే పట్టుబడింది. పాట నిండా గమకాలు వేయకుండా ఆపడానికే ఎక్కువ శ్రమపడవలసి వచ్చింది.

ఒక మృదంగం, ఒక వీణ చేరిస్తే ‘మన’ సంగీతం అవుతుంది కదా అని సలహా ఇచ్చేవారు చాలామందే ఉన్నారు. నేను ఒప్పుకోలేదు. భాష తెలుగు, ఊరు తిరుపతి, పాడే గొంతు ఇక్కడిది. అంతకు మించి పైపూత అనవసరం.

శ్రుతి విషయానికి వస్తే, గిటారును మామూలు కంటే అర స్వరం దించి ఈ-ఫ్లాట్‌కు కట్టాను. గిటారు మీద ‘ఈ’ అని వాయించేది అప్పుడు రెండున్నర శ్రుతిగా మోగుతుంది, అది మా గాయకుడికి సుఖంగా ఉంటుంది. తీగల బిగువు కూడా దాదాపు 11 శాతం తగ్గుతుంది కాబట్టి 10–46 (అంగుళంలో వెయ్యో వంతుల్లో మందం) తీగల సెట్టు మీద లాగుళ్లు తేలికవుతాయి. అమెరికా బ్లూస్ గిటారిస్టు స్టీవీ రే వాన్ ఇదే శ్రుతిలో దీనికంటే చాలా మందమైన తీగలు వాడేవారు, నా వేళ్లకు అంత శక్తి లేదు. ఇక్కడి అంగళ్లలో అకూస్టిక్ తీగలే ఎక్కువగా కనిపిస్తాయి గనుక ఎలక్ట్రిక్ గిటారు సెట్లు చెన్నై వెళ్లినప్పుడే తెచ్చి పెట్టుకుంటాను. ఈశాన్య రుతుపవనాల నెలల్లో తేమకు తీగలు తొందరగా తుప్పుపడతాయి. వాయించిన ప్రతిసారీ పొడి నూలుగుడ్డతో అడుగు వైపు కూడా తుడిచి, గిటారును సంచిలో పెట్టడం మంచిది.

రికార్డింగులో ముఖ్యమైన శత్రువు హమ్. తీగల కదలికను పట్టే సింగిల్ కాయిల్ పికప్పులు (ఒకే తీగచుట్ట ఉన్నవి) మన 50 హెర్ట్జ్ కరెంటు గుంయిమనే చప్పుడును పట్టుకుంటాయి. కుర్చీని నెమ్మదిగా తిప్పుతూ పోతే ఒక కోణంలో ఆ చప్పుడు బాగా తగ్గుతుంది, అక్కడ నేల మీద సుద్దముక్కతో గీత గీసుకున్నాను. ఎలక్ట్రానిక్ ఫ్యాను రెగ్యులేటర్ మరో రకం జీర తెస్తుంది, కాబట్టి టేకు సాగినంతసేపూ ఫ్యాను ఆపవలసిందే. మే నెలలో తిరుపతిలో ఫ్యాను లేకుండా మేడమీది గదిలో కూర్చోవడం ఎలా ఉంటుందో ఈ ఊరివారికి చెప్పనక్కరలేదు. అందుకే వేసవిలో తెల్లవారుజామునే పని ముగించేవాళ్లం. ల్యాప్‌టాప్‌ను కూడా చార్జరు తీసి బ్యాటరీ మీదే నడుపుతాను.

ఆంప్ చిన్నదే, 15 వాట్లది. దాని ముందున్న, శబ్దానికి గరుకుదనం తెచ్చే ఓవర్‌డ్రైవ్ పెడల్‌లో డ్రైవ్ తక్కువగా, లెవెల్ ఎక్కువగా ఉంచితే ఆంపే గరగరలాడుతుంది, మీటు మెత్తనైతే శబ్దమూ మెత్తబడుతుంది. షూర్ ఎస్‌ఎం57 మైకును స్పీకరు గుడ్డకు రెండు వేళ్ల దూరంలో, కోను నడిమికీ అంచుకూ మధ్య నిలబెట్టాను. నడిమికి జరిపితే చెవిలో గుచ్చుతుంది, అంచుకు జరిపితే మసకబారుతుంది. గాత్రానికి గాయకుడి వెనక దూదిపరుపు నిలబెట్టి, పక్కన బట్టల బీరువా తలుపులు తెరిచి ఉంచితే గది మోత చాలావరకు తగ్గింది. అన్నీ 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లోనే రికార్డు చేస్తున్నాము, శిఖరాలు మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా చూస్తున్నాము.

పాటల నిడివి గురించి గాయకుడికీ నాకూ కొంత వాదన జరిగింది. గిటారు వాయించేవాడికి సోలో ఎంత పొడుగున్నా చాలదు. తొలితరం బ్లూస్ గాయకుడు రాబర్ట్ జాన్సన్ 1936, 1937లలో శాన్ ఆంటోనియోలోనూ డాలస్‌లోనూ రికార్డు చేసిన 29 పాటలూ 78 ఆర్‌పీఎం గ్రామఫోను పళ్లెం ఒక వైపుకు పట్టే మూడు నిమిషాల లెక్కలో నడిచినవే, అయినా వాటిలో ఏదీ కురచగా అనిపించదు. 96 వేగంలో మూడు నిమిషాలంటే ఆరు ఆవృతాలు (12 బార్ల చుట్లు): ఎత్తుగడకు ఒకటి, చరణాలు రెండు, సోలోకు ఒకటి, మళ్లీ చరణం, ముగింపు. షఫుల్ పాటలన్నిటికీ ఈ కొలతే ఖాయం చేశాము. నిమిషానికి 60 బీట్లతో నడిచే ఏడో పాటకు మాత్రం మినహాయింపు. అందులో ఒక్క ఆవృతమే 48 సెకన్లు పడుతుంది, సోలోకు రెండు ఆవృతాలు ఇవ్వకపోతే చెప్పదలచింది సగంలోనే తెగిపోతుంది.

డ్రమ్ములు వాయించే మిత్రుడు లాడ్జిలో పనిచేస్తాడు, బ్రహ్మోత్సవాల రద్దీ తగ్గేవరకు అతనికి సెలవు దొరకదు. ఈలోగా తాళం మోగించే మెట్రోనోమ్ మీద వాయించిన రిథమ్ గిటారుతోనే తక్కిన నాలుగు గాత్రాలూ పూర్తిచేయాలని అనుకుంటున్నాము. మెట్రోనోమ్‌ను నాలుగు బీట్లకూ కాక రెండు, నాలుగు బీట్లకే మోగేలా పెడితే షఫుల్ ఊపు చెడకుండా ఉంటుంది, తర్వాత డ్రమ్ములు చేరేటప్పుడు స్నేర్ డ్రమ్ము దెబ్బ కూడా అక్కడే పడుతుంది. మిక్సింగు మొదలయ్యాక మొత్తం ధ్వని స్థాయిని మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి వినిపించే బిగ్గరతనానికి కొలత) దగ్గర ఉంచుతాము. స్పాటిఫై పాటలను ఆ స్థాయికే సర్దుతుంది కనుక అంతకంటే గట్టిగా నొక్కి పంపితే ఒరిగేదేమీ లేదు, మీటులోని హెచ్చుతగ్గులు పోవడం తప్ప.