కోడంబాకం రైలును సీన్లోకి రానిచ్చాం

మా కాలేజీ ప్రాజెక్టు ఏడు నిమిషాల సినిమా. రెండో సీను ఎడిటింగ్ నిన్న రాత్రికి ఒక కొలిక్కి వచ్చింది. సీను చిన్నదే. అమ్మమ్మ వంటింట్లో కుక్కర్ పెడుతుంటే, హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చిందని మనవడు చెబుతాడు. చెన్నైలో, కోడంబాకం స్టేషన్‌కి రెండు వీధుల అవతల, మా స్నేహితుడి అమ్మమ్మగారింట్లో తీశాం. నటించిందీ ఆవిడే. బీచ్, తాంబరం మధ్య తిరిగే లోకల్ రైళ్ళు పెరట్లోంచే పోతున్నట్టు వినిపిస్తాయి ఆ ఇంట్లో.

మాటలు రికార్డు చేసేటప్పుడు ఫ్యానూ ఫ్రిజ్జూ ఆపేశాం. ఫ్రిజ్ మళ్ళీ వెయ్యడం మర్చిపోకుండా బండి తాళం అందులోనే పెట్టాం. కాలర్ మైకు ముందు పైట మడతలో పెడితే, గంజి పెట్టిన నూలు చీర ఆవిడ కదిలినప్పుడల్లా గరగరమంది. జాకెట్ అంచుకి టేపుతో అంటించి, వైరు ఒక చుట్టు వదులుగా వదిలాక ఆ గోల పోయింది.

అసలు చిక్కు ఎడిటింగ్‌లో షాట్లు వరసగా పేర్చే టైమ్‌లైన్ మీద తేలింది. అమ్మమ్మ షాట్‌లో రైలు పోతోంది, మనవడి షాట్‌లో లేదు. అటూ ఇటూ కట్ చేస్తుంటే రైలు మాయమై మళ్ళీ ప్రత్యక్షమవుతోంది. అక్కర్లేని చప్పుళ్ళు తగ్గించే నాయిస్ రిడక్షన్ గట్టిగా వేసి చూశాను. రైలుతోపాటు ఆవిడ గొంతులోని జీర కూడా పోయింది. ఆ జీర కోసమే కదా ఆవిడని అడిగింది! నాయిస్ రిడక్షన్ తీసేశాను.

మొన్న ఆదివారం, షూటింగ్ చేసిన వేళకే మళ్ళీ వెళ్ళి రెండు రికార్డు చేసుకొచ్చాం: ఎవరూ మాట్లాడని ఖాళీ వంటిల్లు ఒక నిమిషం, కిటికీ దగ్గర నించుని ఒక రైలు పూర్తిగా. ఖాళీ గది శబ్దాన్ని సీను మొత్తానికీ అడుగున పరిచాను. మాటకీ మాటకీ మధ్య పడ్డ గోతులు పూడిపోయాయి. రైలును వేరే ట్రాక్‌లో, కట్‌లతో పని లేకుండా ఏకధాటిగా పెట్టాను. పాత టేకుల్లోని రైలు దీని కింద కలిసిపోయింది.

అది ఎక్కడ రావాలన్నదే చాలాసేపు తేలలేదు. "మళ్ళీ ఎప్పుడొస్తావురా?" అంటుంది అమ్మమ్మ. మొదటి కూర్పులో అక్కడ వయొలిన్ ఉండేది. ఇప్పుడు లేదు. మనవడు జవాబు చెప్పేలోగా రైలు వస్తుంది. ఆరు సెకన్లు ఆవిడ ముఖం మీదే ఉండిపోయాం. రైలు దూరమయ్యేసరికి ఆవిడ గరిటె తీసుకుని పప్పు మెదపడం మొదలుపెడుతుంది. ఈ ఆరు సెకన్లు సినిమాలో నాకు అన్నిటికన్నా ఇష్టం.

తర్వాతి సీనుకి జె కట్. కొత్త బొమ్మ రావడానికి 14 ఫ్రేములు ముందే, అంటే మా 24 ఫ్రేముల లెక్కలో అర సెకను పైచిలుకు, సూట్‌కేసు జిప్ శబ్దం వంటింట్లోకి వచ్చేస్తుంది. 20 పెడితే ఆ జిప్ వంటింట్లోనే ఎక్కడో ఉన్నట్టనిపించింది. 8కి తగ్గిస్తే తెలియనే లేదు.

మాటల పీకులు, అంటే గొంతు బాగా పెరిగే చోట్లు, మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉంచాను. హెడ్‌ఫోన్స్‌లో అంతా బాగుంది గానీ ఫోన్ స్పీకర్‌లో రైలు దాదాపు వినపడలేదు. చిన్న స్పీకర్‌లో లోతు శబ్దాలు పలకవు. ఆ ఉరుము అలాగే ఉంచి, పట్టాల టకటకని మాత్రం ఈక్వలైజర్‌తో కొంచెం పైకి తెచ్చాను.

ఇక మిగిలింది మూడో సీన్లో అమ్మమ్మ అడుగుల చప్పుడు. మా హాస్టల్ టైల్స్ మీద వట్టి కాళ్ళతో నడిచి చూస్తే చప్పుడు పల్చగా వచ్చింది. వాళ్ళింట్లో ఉన్నది ఎర్ర గచ్చు నేల. వచ్చే ఆదివారం మళ్ళీ అక్కడికే వెళ్తున్నాం, ఆవిడనే నడవమని అడగాలి.