మోచేతి మచ్చ

1974లో నేను ఐదో తరగతి. శ్రీకాకుళం జిల్లాలోని మా ఊరి బడికి కుష్టు నివారణ పథకం వాళ్లు వచ్చి, పిల్లలందరినీ వరండాలో వరుసగా నిలబెట్టారు. నా ఎడమ మోచేతి దగ్గర రూపాయి బిళ్లంత పాలిపోయిన మచ్చ ఉండేది. నొప్పీ దురదా లేవు కాబట్టి అమ్మ పట్టించుకోలేదు.

"కళ్లు మూసుకో. తగిలిన చోట వేలు పెట్టి చూపించు" అన్నాడు వచ్చినాయన. కోడి ఈక మెడ మీద తగిలింది, చూపించాను. చెంప మీద తగిలింది, చూపించాను. ఆ తర్వాత ఎంతసేపటికీ ఏమీ తగల్లేదు. కళ్లు తెరిస్తే ఈక నా మచ్చ మీదే ఉంది.

"ఇదిగో, దొరికింది ఒకటి!" అని పక్కాయనకు కేక వేశాడు.

యాభై ఏళ్లు దాటినా ఆ మాట నా చెవుల్లోంచి పోలేదు. దొరకడానికి నేనేం దొంగతనం చేశాను? మాస్టారు అప్పటికప్పుడు నా పుస్తకాల సంచి గుమ్మం బయట పెట్టించారు.

ఆ రాత్రి నాయనమ్మ నా కంచం వేరు చేసింది, పడక పంచలోకి మార్చింది. అమ్మ అడ్డు చెప్పలేక లోపల కూర్చుని ఏడ్చింది. సంతలో అడుక్కునే ముసలాయన చేతులే నా కళ్ల ముందు మెదిలాయి. నిద్రపోతే తెలియకుండానే వేళ్లు రాలిపోతాయని నాకు భయం. దడి నుంచి తుమ్మముల్లు విరిచి, చేతివేళ్లూ కాలివేళ్లూ ఒక్కొక్కటే గుచ్చుకుంటూ లెక్కపెట్టాను. నొప్పి పుడితే ఆ వేలు ఉన్నట్టే. ఇరవై అయ్యాక మళ్లీ మొదటి నుంచి. ఎడమ చిటికెన వేలికి నొప్పి కాస్త తక్కువగా అనిపించింది. దాన్ని గుచ్చుతూనే ఉన్నాను. తెల్లవారి అమ్మ చూసేసరికి గౌను నిండా నెత్తుటి మరకలు.

మందు గురించి చెప్పడానికి పెద్దగా లేదు. డాప్సోన్ మాత్రలు, నాలుగేళ్లు. చెప్పాల్సింది వాటిని తెచ్చిన ఆయన గురించే. ఆ కేక వేసినాయన కాదు, వేరొకరు. తన సైకిలును ఊరంతా గుర్తుపడుతుందని రచ్చబండ దగ్గరే ఆపి, మా ఇంటికి నడిచి వచ్చేవారు. మోచేతి వెనక తడిమి, "నరం లావెక్కింది తల్లీ. ఆలస్యమైతే చివరి రెండు వేళ్లూ ముడుచుకుపోయేవి" అన్నారు. నాయనమ్మతో సహా అందరినీ పరీక్షించి, నా కంచం మళ్లీ అందరి కంచాల్లో కలిపించారు. నా వేళ్లు ఈరోజు తిన్నగా ఉన్నాయంటే ఆయన చలవే. బడిలో ఆ తనిఖీ జరగకపోతే ఆయన మా గడప తొక్కేవారే కాదు, నిజమే. అయినా కేక వేసినాయనకూ రుణపడ్డానని ఒప్పుకోవాలంటే ఒళ్లు మండుతుంది. పిల్లను పక్కకు పిలిచి చెబితే ఏం పోయేది?

మీ పిల్లల ఒంటి మీద స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చ కనిపిస్తే దాచకండి. ఇప్పుడు ఆరు నెలలో ఏడాదో మందు వాడితే నయమవుతుంది, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారు.

నేను మాత్రం దాచాను. పెళ్లికి అమ్మ పొడుగు చేతుల రవికె కుట్టించి, "ఎప్పుడూ చెప్పకు" అంది. 1955 నాటి హిందూ వివాహ చట్టంలో కుష్టు కూడా విడాకులకు ఒక కారణం. 2019లో దాన్ని తీసేశారని పేపర్లో చదివిన రోజు, మా ఆయనకు మొదటిసారి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నా చేయి అందుకుని "ఇక్కడేనా?" అన్నారు.

ఆయన వేలు తగిలినట్టు నాకు తెలియలేదు. తల దించి చూస్తే సరిగ్గా అక్కడే ఉంది.