లాల్‌బాగ్ బెంచీ మీద అమ్మ

ఈ ఉదయం బెంగళూరు లాల్‌బాగ్ తోటలో చెరువు గట్టు దాకా నడిచిన అమ్మ బెంచీ మీద కూర్చుని, చేతులు ఆనించకుండా లేచింది. నాకు కళ్లు చెమర్చాయి.

ఏడాది క్రితం "మోకాళ్లు అరిగాయి, నడిస్తే ఇంకా అరుగుతాయి" అంటూ ఆమెను మంచానికి పరిమితం చేసింది నేనే. ప్రేమతోనే చేశాను, కానీ తప్పు చేశాను. జయనగర్‌లో ఫిజియోథెరపిస్టు ఓపికగా వివరించాక అర్థమైంది. కీళ్లలో ఎముకల చివర్లను కప్పి ఉంచే నున్నటి పొరకు, అంటే మృదులాస్థికి, రక్తనాళాలు ఉండవు. కీలు కదులుతూ, బరువు పడుతూ తగ్గుతూ ఉంటేనే చుట్టూ ఉన్న ద్రవం నుంచి దానికి పోషణ అందుతుంది. కదలకపోతే తొడ కండరాలు బలహీనపడి భారమంతా కీలు మీదే పడుతుంది.

ఆమె నేర్పిన వ్యాయామం ఇది: కుర్చీలో కూర్చుని కాలు చాచి 5 సెకన్లు నిలపాలి, ఒక్కో కాలికి 10 సార్లు. మొదటి వారం అమ్మ "నొప్పిగా ఉందమ్మా, వద్దు" అంది. కాస్త నొప్పి వచ్చినా మర్నాటికి తగ్గిపోతే భయం లేదని, తగ్గకపోతే వ్యాయామం కొంచెం తగ్గించాలని ఆ ఫిజియోథెరపిస్టు అమ్మాయి తెలుగులో చెప్పాకే నమ్మింది. (ఆమెది హిందూపురం.) అమ్మకు కన్నడం అర్థమవుతుంది గానీ, భయం తీరడానికి మన భాషే కావాల్సి వచ్చింది.

శరీర బరువు ఒక కిలో తగ్గితే అడుగడుగునా మోకాలిపై సుమారు 4 కిలోల భారం తగ్గుతుందట. అమ్మ 3 కిలోలు తగ్గింది!

తిరిగి వస్తూ, సుమారు 300 కోట్ల ఏళ్ల నాటి ఆ కొండరాయి కింద ఆగింది. "పైనున్న కెంపేగౌడ గోపురం దగ్గరికి ఎప్పుడు తీసుకెళ్తావు?" అని అడిగింది. ఫిజియోథెరపిస్టును అడిగి చెబుతానన్నాను.