ముందు పోయిన బిడ్డ గురించి మాట్లాడుకుందాం

కౌన్సెలింగ్‌కి నా దగ్గరికి వచ్చే జంటల్లో ఎక్కువమంది చేతిలో లావుపాటి ఫైలుతో వస్తారు. స్కానింగులు, ఏఎంహెచ్ (అండాల నిల్వ చూసే రక్తపరీక్ష) రిపోర్టులు, ఐవీఎఫ్ బిల్లులు, అన్నీ తేదీలవారీగా సర్ది ఉంటాయి. కూర్చోగానే "మేడమ్, దత్తతకి అప్లై చేద్దామనుకుంటున్నాం, ప్రొసీజర్ చెప్పండి" అంటారు. ప్రొసీజర్ చెప్పడం పెద్ద పనేం కాదు, దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ కారా (CARA) వెబ్‌సైట్‌లో అంతా ఉంది. నేను అడిగేది వేరు. ఆ పోయిన కడుపు గురించి మీరిద్దరూ ఎప్పుడైనా మాట్లాడుకున్నారా, డాక్టర్ ఏమన్నారన్నది కాదు, మీకేమైందన్నది? దీనికి మాత్రం చాలామంది దగ్గర జవాబు ఉండదు.

మన ఇళ్లలో పెద్దవాళ్లు పోతే పదో రోజు, పదకొండో రోజు, మాసికాలు, సంవత్సరీకం, అన్నిటికీ ఒక లెక్క ఉంది, ఆ లెక్క ప్రకారం చుట్టాలు వచ్చి పోతుంటారు, ఇంట్లోవాళ్లు ఏడవడానికి టైమూ చోటూ దొరుకుతాయి. అయిదో నెలలో కడుపు పోతే ఏ లెక్కా లేదు. "చిన్న వయసేగా, మళ్లీ నిలబడుతుందిలే" అని ఒక మాట అనేసి వెళ్లిపోతారు. ఆఫీసులో జ్వరమని చెప్పి నాలుగు రోజుల్లో డ్యూటీలో చేరినవాళ్లని ఎంతమందిని చూశానో. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం నుంచే గర్భస్రావానికి ఆరు వారాల జీతంతో కూడిన సెలవుంది. ఈ సంగతి చాలామంది ఉద్యోగినులకి తెలీదు, కొన్నిచోట్ల హెచ్ఆర్ వాళ్లకీ తెలీదు (తెలిసినా చెప్పరనుకోండి).

మగవాళ్లు ఇంకా ఇబ్బంది పెడతారు. అంటే నన్ను కాదు, వాళ్లని వాళ్లు. ఒకాయన, వివరాలు మారుస్తున్నాను, ఎన్నిసార్లు అడిగినా "నాకేముంది మేడమ్, బాధంతా ఆవిడకే" అనేవాడు. చివరికి ఒకరోజు చెప్పాడు, కౌంటర్ దగ్గర డబ్బు కట్టే క్యూలో నిలబడి ఉండగానే లోపల అంతా అయిపోయిందట, ఆ రోజు గురించి క్యూ తప్ప ఇంకేం గుర్తులేదట. భార్య ఆ మాట మొదటిసారి విన్నది నా ముందే. అప్పటిదాకా ఈయనకి చీమ కుట్టినట్టయినా లేదని ఆవిడ కోపం.

ఇదంతా తేలకుండా దత్తతకి వెళ్తే ఏమవుతుందంటే, వచ్చే బిడ్డ మీద ఒక పని పెట్టేస్తాం. పోయిన బిడ్డ ఖాళీ నింపే పని. నాకు నిజంగా ఒళ్లు మండేది ఇంకో మాట, "ఒకర్ని పెంచుకోండి, ఆ కాలు వేళా విశేషం, సొంత బిడ్డ కూడా కలుగుతుంది". పెద్దవాళ్లు ప్రేమతోనే అంటారు, కాదనను. కానీ అలా ఇంట్లోకి వచ్చిన పిల్ల, తర్వాత నిజంగానే ఇంకొకరు పుడితే ఎక్కడ ఉండాలి? నా ముందు ఎవరైనా ఆ మాట అంటే అక్కడే ఆపేస్తాను, అత్తగారైనా సరే.

వచ్చే బిడ్డకీ పోగొట్టుకున్నది ఉంటుంది. బిడ్డని అప్పగించిన కన్నతల్లి మనసు మార్చుకోవడానికి చట్టం 60 రోజులు గడువిస్తుంది, అంటే ఆ పిల్లని చట్టప్రకారం దత్తతకి సిద్ధం అనేలోపే ఒక కథ నడిచిపోయింది. తర్వాత శిశుగృహలో ఎత్తుకుని తిప్పిన ఆయా ఉంటుంది. ఏడాదిన్నర పిల్ల కొత్త ఇంట్లో రాత్రిళ్లు గుక్కపట్టి ఏడిస్తే అది ఆయా కోసం, కొత్త అమ్మేమో నేను తల్లిగా పనికిరాననుకుని బాత్రూంలో ఏడుస్తుంది. అందుకే బిడ్డని తెచ్చుకునే రోజున ఆయా దగ్గర కూర్చుని అన్నీ అడగమంటాను. ఏం పాడితే పడుకుంటుంది, అన్నం ఎంత మెత్తగా కలపాలి, ఏ పక్కకి తిరిగి పడుకుంటుంది. వీలైతే అక్కడ కప్పుకున్న గుడ్డ కూడా, ఉతక్కుండా, అడిగి తెచ్చుకోండి.

బంధువుల్లో దత్తత గురించి కూడా అడుగుతుంటారు, తోడికోడలు మూడోదాన్ని ఇస్తానంటోంది అని. చట్టం ఒప్పుకుంటుంది, రాతకోతలు సరిగ్గా చేసుకోండి. కష్టం ఎక్కడంటే, ప్రతి పెళ్లిలోనూ ఇద్దరమ్మలూ ఒకే పందిట్లో ఉంటారు. దానికి ఇప్పుడే మాట అనుకోవాలి.

ఇక "తెలిసిన నర్సు ఉంది, రెండు నెలల్లో పని అయిపోతుంది" అనేవాళ్లు. వద్దు. 2025లో సికింద్రాబాద్‌లో బయటపడ్డ ఫెర్టిలిటీ సెంటర్ కేసు పేపర్లో చదివే ఉంటారు, సరోగసీ అని లక్షలు కట్టించుకుని చేతిలో పెట్టిన బిడ్డకి డీఎన్ఏ కలవలేదు. ఆ దంపతుల పరిస్థితి ఆలోచించండి, ఆ బిడ్డది ఇంకా.

సరైన దారిలో ఆలస్యం ఉంది, దాచను. మూడేళ్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ. పైగా వయసు లెక్క ఒకటి. రిజిస్టర్ చేసుకునేనాటికి భార్యాభర్తల వయసు కలిపి 85 దాటితే రెండేళ్లలోపు బిడ్డ రాదు, రెండు నుంచి నాలుగేళ్ల మధ్య బిడ్డకైతే 90 దాకా చూస్తారు. ఆవిడకి 40, ఆయనకి 46 వచ్చేదాకా ఐవీఎఫ్‌లు తిరిగి అప్పుడు నా దగ్గరికి వస్తారు, పసిబిడ్డే కావాలంటారు. నేను ఐవీఎఫ్ మానేయమని ఎవరికీ చెప్పను, అది నా పని కాదు. మొదలుపెట్టేముందే ఎన్నిసార్లు, ఎంత డబ్బు, ఏ వయసుదాకా అన్నది ఇద్దరూ కూర్చుని కాగితం మీద రాసుకోమంటాను. ప్రతి ఫెయిల్యూర్ తర్వాత డాక్టర్ "ఇంకొక్కసారి" అంటారు, ఆ టైమ్‌లో మనసు ఏదైనా ఒప్పుకుంటుంది. ఇలా లెక్కేసుకుని చివరికి పిల్లలు లేకుండానే ఉంటామన్నవాళ్లూ ఉన్నారు. వాళ్లది కుటుంబం కాదని నాతో ఎవరూ అనకండి.

జువెనైల్ జస్టిస్ చట్టానికి 2021లో చేసిన సవరణ తర్వాత దత్తత ఉత్తర్వు కోర్టు బదులు జిల్లా కలెక్టరే ఇస్తున్నారు, ఆ చివరి మెట్టు కొంత తేలికైంది. అసలు టెన్షన్ అంతకు ముందే. మీ వంతు వచ్చి బిడ్డ ఫొటో, మెడికల్ రిపోర్టు కనిపించాక రిజర్వ్ చేసుకోవడానికి 48 గంటలే టైముంటుంది. ఆ రెండ్రోజుల్లో ఫొటోని ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టి "ఏమంటారు" అని అడిగిన జంటలున్నారు, బాబాయి రంగు గురించి, పిన్ని నక్షత్రం గురించి మొదలుపెడతారు, ఇంక ఆ గోల ఆగదు. ఎవరికి ఫోన్ చేయాలో ముందే అనుకోండి. ఒకరు పిల్లల డాక్టర్, రిపోర్టు చదివి చెప్పడానికి. ఇంకొకరు, మీరు ఏ నిర్ణయం తీసుకున్నా ఎందుకని అడగని మనిషి. మిగతావాళ్లకి బారసాల పిలుపుతో పాటు చెప్పొచ్చు.