రిసీవర్‌లో సరౌండ్ సెట్టింగులు: నా అనుభవంలో ఏది ముందు, ఏది తర్వాత

హోమ్ థియేటర్ స్పీకర్లను నడిపే రిసీవర్ ఇంటికి రాగానే చాలామంది చెయ్యి రిమోట్‌లోని సరౌండ్ మోడ్ బటన్ మీదికే పోతుంది. నేను దాన్ని ఆఖరికి ఉంచుతాను. ముందు డిస్‌ప్లే చూస్తాను. 5.1 (ఐదు స్పీకర్లు, లోతు బేస్‌కు ఒక సబ్‌వూఫర్) సినిమా ఆడుతున్నప్పుడు అక్కడ డాల్బీ డిజిటల్ అనో డీటీఎస్ అనో సరౌండ్ ఫార్మాట్ పేరు పడాలి. రెండు ఛానెళ్ల పీసీఎం అని పడితే టీవీ దగ్గరే సౌండ్ స్టీరియో అయిపోయినట్టు. ఆ తర్వాత ఏ మోడ్ నొక్కినా వెనక స్పీకర్లకు వెళ్లేది రిసీవర్ అంచనా వేసి పంచినదే. టీవీ సౌండ్ అవుట్‌పుట్‌లో పీసీఎం తీసేసి బిట్‌స్ట్రీమ్ గానీ పాస్‌త్రూ గానీ పెట్టాలి, అవి సరౌండ్‌ను స్టీరియో చేయకుండా రిసీవర్‌కు పంపుతాయి. టీవీ సౌండ్‌ను హెచ్‌డీఎంఐ కేబుల్‌లోనే రిసీవర్‌కు పంపే మామూలు ఏఆర్‌సీలో, నాణ్యత తగ్గని డాల్బీ ట్రూహెచ్‌డీ ఫార్మాట్ రాదు, దానికి మెరుగైన రూపమైన ఈఏఆర్‌సీ ఉండాలి.

ఇక వైర్లు. ఒక్క స్పీకర్‌కు ప్లస్, మైనస్ తారుమారైనా బేస్ పలచబడిపోతుంది, ఎంత ట్యూనింగ్ చేసినా తిరిగి రాదు. అనుమానం వస్తే పవర్ ఆపి, ఆ వైరును రిసీవర్ నుంచి ఊడదీసి, చివర్లకు 1.5 వోల్ట్ పెన్సిల్ సెల్ ఒక్క క్షణం తాకిస్తాను. సెల్ ప్లస్ స్పీకర్ ప్లస్‌కు తగిలితే వూఫర్ కోన్ టక్కున బయటికి వస్తుంది. లోపలికి పోయిందంటే వైరు తిరగబడినట్టే.

రిసీవర్ మైకుతో కొలిచి స్పీకర్లను తానే సర్దే ఆటో కాలిబ్రేషన్‌కు ముందు సబ్‌వూఫర్ వెనక వాల్యూమ్ నాబ్ సగంలో, క్రాసోవర్ (సబ్‌కూ మిగతా స్పీకర్లకూ మధ్య బేస్‌ను పంచే ఫ్రీక్వెన్సీ) నాబ్ గరిష్ఠంలో ఉంచాలి. మైకు కూర్చున్నప్పుడు చెవి ఉండే ఎత్తులో, ట్రైపాడ్ మీద ఉండాలి. సోఫా వీపు మీద పెడితే దాన్ని తాకి వెనక్కొచ్చే శబ్దాన్ని కూడా అది లెక్కలో వేసుకుంటుంది. ఫ్యాను, ఏసీ ఆపేయాలి.

కొలత అయ్యాక ఫలితాలు చూడకుండా వదిలేయకూడదు, తేడాలన్నీ అక్కడే బయటపడతాయి. పెద్ద టవర్ స్పీకర్లు కనిపిస్తే రిసీవర్ వాటికి 'లార్జ్' అని పెట్టేస్తుంటుంది. నేను 'స్మాల్' చేసి క్రాసోవర్ 80 హెర్ట్జ్ పెడతాను. స్మాల్ అంటే స్పీకర్‌ను చిన్నబుచ్చడం కాదు, లోతు బేస్ బరువు సబ్‌వూఫర్‌కు అప్పగించడం. క్రాసోవర్ ఫలితం 40 అని వస్తే 80కి పెంచొచ్చు; 120 అని వస్తే మాత్రం 80కి దించకూడదు, అంత కింద ఆ స్పీకర్‌కు సత్తువ లేదని కొలతే చెప్పింది. 'ఎల్‌ఎఫ్‌ఈ ప్లస్ మెయిన్' ఆప్షన్ (ఎల్‌ఎఫ్‌ఈ అంటే సినిమాలోని ప్రత్యేక బేస్ ఛానెల్) జోలికి నేను పోను: ఒకే బేస్ సబ్‌లోనూ ముందు స్పీకర్లలోనూ మోగి గదంతా గుయ్‌మంటుంది. ఆ ఛానెల్‌లో పై శబ్దాలను ఆపే ఎల్‌ఎఫ్‌ఈ లోపాస్ ఫిల్టర్‌ను 120 హెర్ట్జ్ దగ్గర ఉంచుతాను.

దూరాల్లో ఒక చోట అందరూ తడబడతారు. ఉదాహరణకు సబ్‌వూఫర్ దూరం టేపుతో కొలిస్తే 3 మీటర్లు, రిసీవర్ చూపేది 4.5. అది తప్పు కాదు. సబ్ లోపలి సర్క్యూట్‌లో సిగ్నల్ ఆలస్యమవుతుంది, ఆ ఆలస్యాన్నే రిసీవర్ దూరంగా లెక్క కడుతుంది. శబ్దానికి మీటరుకు దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి ఆ తేడా సుమారు 4.4 మిల్లీసెకన్లు. అలాగే వదిలేయాలి. సబ్ లెవెల్ మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర నిలబడితే మాత్రం ఊరుకోకూడదు. ఆ స్కేలు అక్కడితో అయిపోయింది, అసలు విలువ ఇంకా కిందే ఉండొచ్చు. నాబ్ తగ్గించి మళ్లీ కొలవాలి. మాటలు వినపడట్లేదని మొత్తం వాల్యూమ్ పెంచేవాళ్లు సెంటర్ స్పీకర్ ఒక్కదాన్ని 2 డెసిబెల్స్ పెంచి చూడాలి.

మోడ్‌లకు ఇప్పుడు వేళైంది. 5.1 సినిమాకు వచ్చిన ఫార్మాట్‌నే యథాతథంగా ఆడించాలి. స్టీరియో సీరియళ్లకు డాల్బీ సరౌండ్ బాగుంటుంది, మాటలను సెంటర్‌కు లాగుతుంది. పాటలకు నా ఓటు స్టీరియోకే. ప్యూర్ డైరెక్ట్ పేరు గొప్పగా ఉంటుంది కానీ, చాలా రిసీవర్లలో అది కాలిబ్రేషన్‌లో చేసిన గది కరెక్షన్‌ను పక్కన పెట్టేస్తుంది. హాల్, స్టేడియం లాంటివి ఒకసారి విని మరిచిపోవచ్చు.

రాత్రిపూట డైనమిక్ రేంజ్ కంప్రెషన్ ఆన్ చేస్తే పేలుళ్లు అణిగి గుసగుసలు పైకి తేలతాయి. తెల్లారాక ఆపడం మరిచిపోతే సినిమా అంతా ఒకే మట్టంలో చప్పగా సాగుతుంది.