పట్టిక వేసుకుని బోల్తా పడ్డ పేపర్

మల్టీమీడియా సిస్టమ్స్ పేపర్‌కి మొదటిసారి చదివినప్పుడు నేను ఒక పట్టిక వేసుకున్నాను. ఒక పక్క స్టాండర్డ్ పేరు, ఇంకో పక్క దాని పారడైమ్, అంటే ప్రోగ్రామ్ రాసే పద్ధతి. బొమ్మలు గీసే జీకేఎస్ ప్రొసీజరల్ (అడుగడుగునా ఆజ్ఞలు), మల్టీమీడియా ప్రోగ్రాముల కోసం వచ్చిన ప్రెమో ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ (డేటా, దాని పనులు ఒకే మూటలో), వీడియో, శబ్దం కలిపి ప్రదర్శన కూర్చే స్మిల్ డిక్లరేటివ్ (ఏం కావాలో చెబితే చాలు). నోటికి వచ్చేసింది, ధీమా కూడా వచ్చేసింది. తీరా పరీక్షలో అడిగింది, ఒకే స్టాండర్డ్‌లో ఒకటికి మించి పారడైమ్‌లు ఎందుకు కలపాల్సి వస్తుందని. ఆ పట్టికనే వాక్యాలుగా సాగదీసి వచ్చాను. మార్కులూ దానికి తగ్గట్టే పడ్డాయి.

రెండోసారి, పేర్లు పక్కన పెట్టి, లోపల ఏ పని ఏ పద్ధతిలో జరుగుతోందో చూడటం మొదలుపెట్టాను. 1985 నాటి జీకేఎస్‌లో గీతకో ఫంక్షన్, అక్షరాలకో ఫంక్షన్. బొమ్మ గీస్తే పని అయిపోయేది కాబట్టి అది చాలింది. శబ్దం, వీడియో వచ్చాక కాలం లెక్కలోకి వచ్చింది.

1998లో వచ్చిన ప్రెమో దగ్గర ఆగి చదవండి. అందులో ఆబ్జెక్ట్‌కి వచ్చే పిలుపులు మూడు రకాలు: సింక్రనస్ (జవాబు వచ్చేదాకా ఆగేది), ఏసింక్రనస్ (ఆగకుండా సాగిపోయేది), శాంపుల్డ్. మూడోది నేను మొదటిసారి చూడనే లేదు! మౌస్‌ని గబగబా లాగుతున్నారనుకోండి. ప్రతి స్థానమూ క్యూలో నిలబడితే బొమ్మ మౌస్ వెనకాల ఈడ్చుకుంటూ వస్తుంది. శాంపుల్డ్‌లో కొత్త పిలుపు రాగానే, ఇంకా వంతు రాని పాతది చెరిగిపోతుంది. మామూలు మెథడ్ కాల్‌తో ఇది చెప్పలేం. అందుకే ఆబ్జెక్ట్ మోడల్‌లోకి కాన్‌కరెన్సీని, అంటే పనులు ఒకేసారి సాగడాన్ని, తెచ్చి కలిపారు.

వెబ్‌లో 3డి దృశ్యాలు వర్ణించే వీఆర్‌ఎంఎల్ 97కి మాత్రం బొమ్మ వేసి చూపించండి, సగం జవాబు అదే చెబుతుంది. నాలుగు డబ్బాలు: టచ్ సెన్సర్, టైమ్ సెన్సర్, పొజిషన్ ఇంటర్‌పోలేటర్, ట్రాన్స్‌ఫామ్. వాటి మధ్య బాణాలే రూట్‌లు. వస్తువు మీద నొక్కితే గడియారం మొదలవుతుంది, 0 నుంచి 1 వరకు భిన్నాలు పంపుతుంది. ఇంటర్‌పోలేటర్ ఆ భిన్నాన్ని స్థానంగా మారుస్తుంది, ట్రాన్స్‌ఫామ్ వస్తువును జరుపుతుంది. సీన్ వర్ణన డిక్లరేటివ్, కదలిక డేటాఫ్లో, అంటే విలువలు డబ్బా నుంచి డబ్బాకి పారడం. మరి మూడుసార్లు నొక్కితేనే తలుపు తెరుచుకోవాలంటే? రూట్‌లు లెక్కపెట్టలేవు, దానికి స్క్రిప్ట్ నోడ్, అంటే లోపల చిన్న ప్రోగ్రామ్ ఉన్న డబ్బా, కావాలి. ఎంపెగ్-4లో సీన్‌ని వర్ణించే బిఫ్స్ కూడా ఈ పునాది మీదే కట్టారు, ఒక్క వాక్యం రాస్తే చాలు.

స్మిల్‌కి నేను ఒక్క పూటే ఇచ్చాను. పార్ అంటే కలిసి, సెక్ అంటే ఒకదాని తర్వాత ఒకటి అని తెలిస్తే మిగతాది చదువుతుంటే వచ్చేస్తుంది. ఐఎస్‌ఓ నంబర్ల కోసం రాత్రుళ్లు టెన్షన్ పడకండి, నేను పడి చూశాను, ఒక్కటీ అడగలేదు.

సాధనకి నాకు పనికొచ్చిన ప్రశ్న ఇది: వీడియో ఆడుతుండగా చూసేవాళ్లు సబ్‌టైటిల్ భాష మార్చారు. నొక్కడం నుంచి కొత్త అక్షరాలు సరైన క్షణంలో తెర మీద పడేదాకా ఏ భాగం ఈవెంట్, ఏది డేటాఫ్లో, ఏది డిక్లరేటివ్? పుస్తకం మూసి పది నిమిషాల్లో రాయండి.